బొమ్మ సరే, దాని దస్తావేజు ఏది?

కోనసీమలో డొక్కా సీతమ్మగారి ఫొటో చూడనివాళ్ళు తక్కువ. లంకల గన్నవరంలో ఆ తల్లి (1841–1909) వేళాపాళా చూడకుండా, కులం గోత్రం అడగకుండా వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టింది. పి.గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరు పెట్టుకున్నాం. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టింది. ఆ ఫొటో వెనక ఒక కథ ప్రచారంలో ఉంది. ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవాలకు ఆమెను పిలిచారని, అన్నదానం వదిలి రాలేనని ఆమె అన్నదని, అప్పుడు ఫొటో తీయించి తెప్పించుకుని కుర్చీలో ఉంచి గౌరవించారని చెబుతారు. చెప్పేవాళ్ళలో ఒకరు 1902 అంటారు, ఇంకొకరు 1903 అంటారు. రెండూ పొసిగే సంవత్సరాలే. ఎడ్వర్డు పట్టాభిషేకం లండన్‌లో 1902 ఆగస్టు 9న జరిగింది. దాన్ని పురస్కరించుకుని ఢిల్లీ దర్బారు 1903 జనవరి 1న జరిగింది.

మన ఫోన్లలోకి వచ్చే ఆ బొమ్మ పక్కన ఈ చిక్కు విప్పే మాట ఒక్కటీ ఉండదు. తీసింది ఎవరు? ఏ ఏడాది? మనం చూస్తున్నది అసలు ప్రింటుకు స్కానా, ఏదో పుస్తకంలో అచ్చయిన బొమ్మకు స్కానా, ఆ స్కానుకు మళ్ళీ తీసిన ఫొటోనా? రంగులు తర్వాత అద్దారా? ముఖం మీద కుంచె ఆడిందా? విగ్రహాలకు పేరుపడ్డ కొత్తపేటలో ఒక శిల్పికి సీతమ్మగారి విగ్రహం పని వచ్చిందనుకోండి. బుగ్గ మీద కనబడే ముడత ఆమెదో, రీటచ్ చేసినవాడి చేతిదో ఆయనకు తెలియాలి కదా. అది బొమ్మను ఎంత పెద్దది చేసి చూసినా తెలియదు. బొమ్మతోపాటు రాసిపెట్టిన వివరం ఉంటేనే తెలుస్తుంది.

ఆ వివరాన్నే గ్రంథాలయాల వాళ్ళు, మ్యూజియంల వాళ్ళు అడ్మినిస్ట్రేటివ్ మెటాడేటా అంటారు. తెలుగులో నిర్వహణ వివరాలు అనుకుందాం. బొమ్మలో ఎవరున్నారు, ఏ ఊరు, ఏ సందర్భం అన్నవి వర్ణన వివరాలు. అవి అందరికీ తడతాయి, అందరూ రాస్తారు. నిర్వహణ వివరాలు బొమ్మలోని మనుషుల గురించి కాదు, ఆ బొమ్మ ఫైలు గురించి. అది దేనినుంచి పుట్టింది, ఎవరు ఏ యంత్రంతో ఎప్పుడు పుట్టించారు, హక్కు ఎవరిది, చూపించడానికి ఎవరి అనుమతి ఉంది, తర్వాత దానికి ఏమేం మార్పులు జరిగాయి, కాపీలు ఎక్కడెక్కడ ఉన్నాయి. కోనసీమలో కొబ్బరితోట కొనేవాడు చెట్ల కాపు చూసి మురిసిపోయి అడ్వాన్సు ఇచ్చేయడు. దస్తావేజు, అడంగలు, సరిహద్దులు, తాకట్టు అన్నీ చూసుకుంటాడు. డిజిటల్ బొమ్మల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం కాపు చూసే సంతోషిస్తున్నాం.

ఈ జాగ్రత్త కంప్యూటర్లతో పుట్టింది కాదు. తాళపత్రం మీద గంటంతో రాసిన లేఖకుడు గ్రంథం పూర్తయ్యాక చివర నాలుగు మాటలు సొంతంగా చేర్చేవాడు. ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి నాడు ముగించాడో, ఎవరి కోసం రాశాడో, తన పేరేమిటో అందులో ఉండేవి. నూనె తగలనివ్వవద్దనీ, నీళ్ళనుంచి కాపాడమనీ, కట్టు వదులు కానివ్వవద్దనీ వేడుకోలు కూడా తరచు ఉంటుంది. మూలం, తేదీ, తయారుచేసినవాడు, భద్రపరిచే పద్ధతి. నేటి గ్రంథాలయ శాస్త్రం అడిగే గడులన్నీ దాదాపు ఆ నాలుగు వాక్యాల్లో ఉన్నాయి. ఇలాంటి గ్రంథాలను వెతికి పోగుచేసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తును 1911లో మద్రాసులో నెలకొల్పడానికి పూనుకున్న జయంతి రామయ్య పంతులు (1860–1941) మన ముక్తేశ్వరంలో పుట్టినవారు. పరిషత్తు తర్వాత కాకినాడకు చేరింది. ఆ తాళపత్రాలు ఇప్పుడు అక్కడి ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి.

లేఖకుల మాటల్లో ఒక లోటు కూడా కనిపిస్తుంది. చాలామంది శకం అంకె వేయకుండా సంవత్సరం పేరు ఒక్కటే రాసి వదిలేశారు. ప్లవ నామ సంవత్సరం అని మాత్రమే ఉంటే అది 1841 కావచ్చు, 1901 కావచ్చు, 1961 కూడా కావచ్చు. అరవై ఏళ్ళకొకసారి ఆ పేరు తిరిగి వస్తుంది. రాసినవాడికి, అతని ఊరివాళ్ళకు అది ఏ ప్లవయో తెలుసు. మనకు తెలియదు. ఈనాడు మనం స్కాను ఫైలుకు 03-04-05 అని తేదీ వేస్తే మన మనవలకూ అదే ఇబ్బంది వస్తుంది. అందుకే ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి ఒకటుంది. ముందు నాలుగంకెల సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు: 2005-04-03. ఇలా రాస్తే ఇంకో అర్థం రాదు. పైగా కంప్యూటర్ వాటిని వరసలో పెడితే అవి కాలక్రమంలోనే నిలబడతాయి.

డిజిటల్ లైబ్రరీ నేర్పిన పాఠం

నిర్వహణ వివరాలు ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి అని తెలుగువాళ్ళకు స్వానుభవంలోకి తెచ్చింది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధలో పరిశోధనకు 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి, బెంగళూరు ఐఐఎస్సీ ఆచార్యులు ఎన్. బాలకృష్ణన్ వంటివారి చొరవతో 2000 తర్వాతి తొలి ఏళ్ళలో పది లక్షల పుస్తకాల ప్రాజెక్టుగా అది మొదలైంది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ దానికి ఒక పెద్ద స్కానింగ్ కేంద్రం. పాత గ్రంథాలయాల్లో చెదలకు ఆహారమవుతున్న వేలాది తెలుగు పుస్తకాలు దానివల్ల బతికాయి. అందులో పనిచేసినవాళ్ళకు తెలుగు పాఠకులు రుణపడి ఉన్నారు. నేను కింద చెప్పే లోపాలు ఆ రుణాన్ని తగ్గించవు.

కొన్నేళ్ళకు కాపీరైట్ చిక్కులు వచ్చి ఆ వెబ్‌సైటు మూతపడింది. అప్పటికే ఆ పుస్తకాలు లక్షల సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయానికి చేరాయి. పబ్లిక్ రిసోర్స్ సంస్థ తరఫున కార్ల్ మలముద్ చేసిన పని అది. ఈరోజు మనం చదువుకునే పాత తెలుగు పుస్తకాల స్కాన్లలో చాలా భాగం ఆ ఖజానాలోవే.

అక్కడ ఒక తెలుగు పుస్తకం పేజీ తెరిచి, కింద ఉన్న వివరాల పట్టిక దాకా వెళ్ళి చూడండి. పుస్తకం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యమధ్య అపాస్ట్రఫీలతో, టైపు చేసినవారికి తోచిన స్పెల్లింగుతో ఉంటుంది. అది వర్ణన వివరాల లోపం. దానివల్ల వెతుకులాట కష్టమైంది. దాని కిందే బార్‌కోడ్ సంఖ్య ఉంటుంది. స్కాను చేసిన కేంద్రం, స్కానర్ సంఖ్య, మొత్తం పేజీలు, పుస్తకం ఏ గ్రంథాలయానిది అన్న గడులు కూడా ఉంటాయి. ఇవి నిర్వహణ వివరాలు. ఇవే తర్వాత ఆదుకున్నాయి. అసలు సైటు పోయినా బార్‌కోడ్ పోలేదు. తెలుగు వికీపీడియాలో ఔత్సాహికులు ముందే ఆ పుస్తకాల జాబితాలు బార్‌కోడ్‌లతో సహా తయారుచేసి పెట్టుకున్నారు. ఆ సంఖ్యతో కొత్తచోట వెతికితే పుస్తకం దొరికింది. పేరు ఎన్ని రకాలుగా పాడైనా సంఖ్య మారలేదు.

తేదీలు చూద్దాం. ఒక పుస్తకం 1928లో అచ్చయిందనుకోండి. 2004లో స్కాను చేశారు. డిజిటల్ లైబ్రరీ ఖాతాలో అది చేరిన తేదీ 2015. ఆర్కైవ్‌కు ఎక్కించింది 2017. నాలుగూ నిజమైన తేదీలే, నాలుగూ వేరువేరు సంగతులకు తేదీలు. అక్కడి పుస్తకాల గుర్తింపు సంఖ్యల్లోనే 2015 కలిసి ఉండడంతో దాన్నే ప్రచురణ సంవత్సరం అనుకుని వ్యాసాల్లో ఉదహరించేవాళ్ళు లేకపోలేదు. తేదీ అని ఒకే గడి పెట్టుకుంటే జరిగేది ఇదే. అసలు వస్తువు తేదీ, స్కాను తేదీ, ఫైలు చేరిన తేదీ, మార్చిన తేదీ అని గడులు విడిగా ఉండాలి.

ఇక హక్కుల గడి. చాలా పుస్తకాలకు కాపీరైట్ తీరిపోయిందనో, పబ్లిక్ డొమైన్ అనో రాసి ఉంటుంది. ఆ మాట ఎవరు తేల్చారు, ఏ ఆధారంతో తేల్చారు అన్నది ఉండదు. హక్కులు ఇంకా ఉన్న రచయితల పుస్తకాల మీదా అదే ముద్ర పడింది. సైటు మూతకు దారితీసింది ఈ గడి దగ్గర జరిగిన తొందరే. నా ఉద్దేశంలో నిర్వహణ వివరాలన్నిటిలో అన్నిటికన్నా ఓపిగ్గా నింపాల్సిన గడి ఇదే.

హక్కు ఎవరిది?

మన దేశంలో వర్తించేది 1957 కాపీరైట్ చట్టం. రచయిత బతికుండగా అచ్చయిన రచనకు ఆయన చనిపోయిన మరుసటి ఏడాది మొదటినుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. మొదట్లో ఇది 50 ఏళ్ళే. రవీంద్రనాథ్ టాగూరు 1941లో మరణించారు కాబట్టి 1991తో ఆయన రచనల గడువు తీరిపోతుందనగా దాన్ని 60 ఏళ్ళకు పొడిగించారు. జయంతి రామయ్య పంతులుగారు మరణించిందీ ఆ సంవత్సరమే. అంటే బతికుండగా ఆయన ఒక్కరే రాసి అచ్చువేసిన పుస్తకాలకు 2001 డిసెంబరు 31తో గడువు తీరింది. ఇలా తేల్చడానికి కావలసింది రచయిత మరణించిన సంవత్సరం. డిజిటల్ ఫైలు పక్కన ఆ సంవత్సరం రాసి ఉంటే ఎవరైనా లెక్క వేసుకోగలరు. పబ్లిక్ డొమైన్ అని ముద్ర ఒక్కటే ఉంటే దాన్ని నమ్మడమో మానడమో తప్ప దారి లేదు.

ఫొటోల లెక్క 2012 దాకా వేరుగా ఉండేది. ప్రచురణ అయిన మరుసటి ఏడాది మొదటినుంచి 60 ఏళ్ళు. 2012 సవరణ తర్వాత ఫొటోకూ తీసినవారు చనిపోయిన మరుసటి ఏడాది మొదటినుంచి 60 ఏళ్ళు. 1958 జనవరి 21న ఈ చట్టం అమల్లోకి రాకముందు ఉన్న పాత చట్టం అయితే నెగెటివ్ తయారైన నాటినుంచి 50 ఏళ్ళు లెక్కగట్టేది. కాబట్టి ఫొటో ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, మొదట ఎక్కడ ఎప్పుడు అచ్చయింది, తీసినవారు ఎప్పుడు చనిపోయారు అన్నవన్నీ రాయాలి.

అంతకన్నా ముఖ్యం, మామూలు కుటుంబాలకు తెలియని సంగతి ఒకటుంది. ఫొటోకు కర్త తీసిన మనిషి. అయినా ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అమలాపురం స్టూడియోలో మీ తాతగారు డబ్బిచ్చి తీయించుకున్న పెళ్ళి ఫొటోకు మొదటి హక్కు తాతగారిది. అదే ఫొటోగ్రాఫరు తనంతట తాను వరదలో మునిగిన లంక గ్రామాన్ని తీసి ఉంటే హక్కు ఆయనది. రెండు ఫొటోల వెనకా ఒకే స్టూడియో రబ్బరు స్టాంపు ఉండవచ్చు. డబ్బు ఎవరిచ్చారన్న చిన్న వివరం ఇన్నేళ్ళ హక్కును అటూ ఇటూ చేస్తుంది. అది ఏ స్కానరూ పట్టలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు చెబితే రాసుకోవాల్సిందే.

హక్కు సంగతి తేలనప్పుడు తేలలేదనే రాయాలి. 2016లో అమెరికా, ఐరోపా డిజిటల్ గ్రంథాలయాలు కలిసి హక్కుల ప్రకటనలు 12 తయారుచేశాయి. వాటిలో కాపీరైట్ ఉందో లేదో నిర్ధారణ కాలేదు అనే ప్రకటన కూడా ఒకటి. అలా రాయడం ఆ సంస్థకు చిన్నతనం కాదు, వాడుకునేవారికి చేసే మేలు. దాని పక్కనే ఎవరు విచారించారు, ఎప్పుడు, ఎవరిని అడిగారు అన్నవి రెండు వాక్యాల్లో ఉంటే తర్వాతివాళ్ళు అక్కడినుంచి ముందుకు వెళ్తారు.

హక్కు వేరు, అనుమతి వేరు అని కూడా గుర్తుంచుకోవాలి. ఒక కుటుంబం ఫొటోలు ఇస్తూ గ్రంథాలయంలో చూపించండి, నెట్‌లో మాత్రం పెట్టకండి అనవచ్చు. ఆ మాట ఇచ్చినవారి సంతకంతో కాగితం మీద ఉండాలి, ఆ కాగితం సంఖ్య బొమ్మ వివరాల్లో ఉండాలి. ఇచ్చినవారి ఫోన్ నంబరు, చిరునామా సంస్థ లోపలి ఖాతాలోనే ఉండాలి తప్ప జనం చూసే పేజీలోకి రాకూడదు. అందుకే బయటికి చూపే గడులు, లోపల ఉంచే గడులు అని మొదటిరోజే విడదీసుకోవడం మంచిది.

ఏ ప్రతి, ఏ యంత్రం

మన గ్రంథాలయాల్లో ప్రతి పుస్తకానికీ ఎక్సెషన్ నంబరు ఉంటుంది. మొదటి పేజీ మీద ఒకసారి, లోపల సీక్రెట్ పేజీ అని పెట్టుకున్న ఒక నిర్ణీత పేజీ మీద ఇంకోసారి గ్రంథాలయం ముద్ర పడుతుంది. స్కాను చేసేటప్పుడు ఆ నంబరును డిజిటల్ ఫైలుకు ముడివేయాలి. ఒకే పుస్తకానికి రెండు ప్రతులుంటే ఏ ప్రతిని స్కాను చేశారో తెలియాలి. ఒక ప్రతిలో మూడు పేజీలు చిరిగి ఉండవచ్చు. ఇంకో ప్రతి అంచుల్లో ఒక పండితుడు పెన్సిల్‌తో పాఠాంతరాలు రాసి ఉండవచ్చు. ఆ రెండో ప్రతి వెల కట్టలేనిది. నంబరు లేకుండా స్కాను ఒక్కటే మిగిలితే, పేజీ లేకపోవడం ప్రతి లోపమా స్కాను చేసినవారి పొరపాటా అన్నది కూడా తేల్చలేం.

యంత్రం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందులో చాలా భాగం యంత్రమే రాసుకుంటుంది. కెమెరా అయినా ఫోన్ అయినా తన మోడల్, తేదీ, లెన్సు వివరాలను ఫైలు లోపల దాచిపెడుతుంది. దాన్ని ఎగ్జిఫ్ అంటారు. అంగుళానికి ఎన్ని చుక్కలు, ఎన్ని రంగులు, ఏ ఫైలు రకం అన్నవి సాఫ్ట్‌వేర్ చదివి చెబుతుంది. డిజిటల్ బొమ్మల సాంకేతిక వివరాలకు అమెరికాలో ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉంది. ఒక చిన్న గ్రంథాలయానికి అందులో పదో వంతు చాలు.

ఆ పదో వంతు ఎందుకు కావాలో కూడా డిజిటల్ లైబ్రరీ పుస్తకాలే చెబుతాయి. అక్కడ ఎక్కువ పేజీలను నలుపు లేదా తెలుపు, మధ్యలో బూడిదరంగు ఛాయలేవీ లేకుండా స్కాను చేశారు. అక్షరాలు స్ఫుటంగా వచ్చాయి, ఫైలు చిన్నదైంది. పుస్తకంలో ఫొటోలున్న పేజీలు మాత్రం నల్లటి మచ్చలుగా మిగిలాయి. ఈ మచ్చ అచ్చులో ఉన్నదా స్కానులో పడ్డదా అని పాఠకుడు ఎలా తెలుసుకోవాలి? రంగు విధానం: రెండు ఛాయలు మాత్రమే అని ఒక గడిలో ఉంటే, ఈ పేజీ మళ్ళీ స్కాను చేయాలి అని వెంటనే తెలుస్తుంది.

చిత్రాల దగ్గర ఇది ఇంకా సున్నితం. రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897–1925) పేరిట చిత్రశాల ఉంది. ఇరవై ఎనిమిదో ఏటే వెళ్ళిపోయిన ఆ చిత్రకారుడి రంగుల మెత్తదనం చూడాలంటే అక్కడికి వెళ్ళాల్సిందే. అలాంటి చిత్రాన్ని ఫొటో తీసేటప్పుడు చట్రం పక్కన రంగుల పట్టీ ఒకటి ఉంచి తీయాలి. ఏ దీపాల వెలుగులో తీశారో రాయాలి. అప్పుడే పదేళ్ళ తర్వాత తీసిన ఫొటోతో పోల్చి చిత్రం నిజంగా వెలిసిందా, వెలుగు మారిందా అన్నది తేలుతుంది. మ్యూజియంల కోసం ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ పుణె విభాగం తయారుచేసిన జతన్ సాఫ్ట్‌వేర్‌తో సాలార్‌జంగ్ వంటి పెద్ద మ్యూజియంల వస్తువులు దేశవ్యాప్త పోర్టల్‌లోకి చేరాయి. పెద్ద సంస్థలకు ఆ ఆసరా ఉంది. ఊళ్ళలోని గ్రంథాలయాలకు, ఇళ్ళకు మనమే పద్ధతి ఏర్పాటు చేసుకోవాలి.

ఒక ఫొటోతో చేసి చూద్దాం

రాజోలులో ఒక ఇంటి అటక మీద పెట్టెలో 1958 నాటి బడి గ్రూపు ఫొటో దొరికిందనుకుందాం. వర్ణన వివరాలు, అంటే పిల్లల పేర్లు, మాస్టారి పేరు, బడి పేరు, వేరే చోట రాశాం. నిర్వహణ వివరాలు ఇలా ఉంటాయి:

గుర్తింపు సంఖ్య: రాజోలు-2026-0001. అసలు వస్తువు: నలుపు తెలుపు ప్రింటు, అట్టకు అంటించింది, 8 అంగుళాలు × 6 అంగుళాలు. స్థితి: కుడి కింది మూల విరిగింది, ఎడమ పక్క చెమ్మ మరక, వెనక స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత. అసలు ఇప్పుడు ఎక్కడ: ఇచ్చిన కుటుంబం దగ్గరే. తీయించింది: బడి యాజమాన్యం, అని ఇంటి పెద్దామె చెప్పారు. మొదటి ప్రచురణ: అచ్చయినట్టు ఆధారం దొరకలేదు. హక్కు: నిర్ధారణ కాలేదు. అనుమతి: నెట్‌లో చూపవచ్చు, అమ్మకానికి వాడకూడదు, అనుమతి పత్రం సంఖ్య 1. స్కాను: ఫ్లాట్‌బెడ్ స్కానర్, మోడల్ పేరు, అంగుళానికి 600 చుక్కలు, 24 బిట్ల రంగు, టిఫ్ ఫైలు. వెనక వైపు కూడా స్కాను చేశాం, రెండో ఫైలు. మార్పులు: అసలు ఫైలులో ఏమీ లేవు. చూపించే జేపెగ్ కాపీలో అంచులు కత్తిరించాం. కాపీలు: గ్రంథాలయం కంప్యూటర్, హార్డ్ డిస్కు, ఇంకో ఊళ్ళో ఒకటి.

నింపడానికి పది నిమిషాలు పడుతుంది. నలుపు తెలుపు ఫొటోను రంగు విధానంలో ఎందుకు స్కాను చేయాలని ఎవరైనా అడగవచ్చు. పసుపుబారడం, మరక, వెనక సిరా రంగు అన్నీ సాక్ష్యాలే కాబట్టి. ఆ కొలతకు 4800 × 3600 చుక్కలు వస్తాయి, ఫైలు సుమారు 52 ఎంబీ ఉంటుంది. పెద్దదే. అయినా అసలు ఫైలు అలాగే ఉంచి, నలుగురికీ చూపడానికి చిన్న కాపీ వేరుగా చేసుకోవాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ కుంచించుకుపోతుంది, లోపలి ఎగ్జిఫ్ వివరాలూ ఎగిరిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. పెద్దనాన్నగారి ఆల్బమ్‌ను పిల్లలు ఫోన్‌లో తీసి కుటుంబం గ్రూపులో పెట్టే ఇళ్ళన్నిటికీ ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలా మిగులుతుంది.

పట్టిక ఎక్సెల్‌లో రాసుకోవచ్చు, రిజిస్టరులో రాసుకున్నా తప్పులేదు. కంప్యూటర్‌లో తెలుగు రాస్తే యూనికోడ్‌లోనే రాయాలి. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ళతరబడి వాడిన అను ఫాంట్లలో టైపు చేస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అది అర్థంకాని గుర్తుల వరసగా కనబడుతుంది. ఫైలు పేర్లు స్కాన్ 001, కొత్త ఫోల్డర్ 2 అని ఉంటే ఆ ఫోల్డర్ ఇంకో చోటికి మారిన రోజే గందరగోళం మొదలవుతుంది. గుర్తింపు సంఖ్యనే ఫైలు పేరుగా పెట్టుకోవాలి.

ఇంకొకటి చెక్‌సమ్. ఫైలులోని మొత్తం సమాచారాన్ని లెక్కగట్టి ఒక పొడవాటి సంకేతం ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. షా-256 అనే పద్ధతి 64 అక్షరాల సంకేతం ఇస్తుంది. బొమ్మలో ఒక్క చుక్క మారినా సంకేతం పూర్తిగా వేరైపోతుంది. స్కాను చేసిన రోజు ఆ సంకేతం రాసిపెట్టుకుని ఏడాదికోసారి మళ్ళీ తీసి పోలిస్తే, ఫైలు చెడిందో, ఎవరైనా తెలిసో తెలియకో మార్చారో బయటపడుతుంది. చెడినట్టు తేలితే రెండో కాపీనుంచి తిరిగి తెచ్చుకోవాలి. చెడిన సంగతి, తెచ్చిన తేదీ కూడా రాయాలి.

కాపీల్లో ఒకటి ఇంకో ఊళ్ళో ఉండాలనడం కోనసీమకు వట్టి నియమం కాదు. 1986 ఆగస్టులో గోదావరి వరద, 1996 నవంబరు 6 తుఫాను చూసిన ప్రాంతం ఇది. ఆ తుఫాను రాత్రి కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి, వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇళ్ళు కూలినచోట పెట్టెల్లోని కాగితం, ఫొటో ఏం మిగులుతాయి? అమలాపురంలో ఒక కాపీ ఉంటే రెండోది రాజమండ్రిలోనో హైదరాబాదులోనో ఉండాలి. అది ఎవరి దగ్గర ఉందో మొదటి కాపీ దగ్గర రాసి ఉండాలి.

ఈ పనికి పెద్ద బడ్జెట్టు అక్కరలేదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు, ఆయన సహచరులు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టినప్పుడు ఊరూరా చదువుకున్నవాళ్ళు గంట, రెండు గంటల సేవతో గ్రంథాలయాలు నడిపారు. ఇప్పుడు కావలసిందీ అలాంటి సేవే. కాలేజీల్లో ఎన్ఎస్ఎస్ పిల్లలున్నారు, రిటైరైన ఉపాధ్యాయులున్నారు. శాఖా గ్రంథాలయంలో ఒక కంప్యూటర్, ఒక స్కానర్, పైన చెప్పిన గడులతో ఒక పట్టిక ఉంటే మొదలుపెట్టవచ్చు. ముందు వంద ఫొటోలు చాలు. వెయ్యి ఫొటోలు వివరం లేకుండా ఎక్కించడం కన్నా వంద ఫొటోలు పూర్తి వివరంతో ఉండడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. మిగిలిన తొమ్మిది వందలను తర్వాత ఎప్పుడైనా స్కాను చేసుకోవచ్చు. వాటి సంగతి చెప్పగల పెద్దవాళ్ళు మాత్రం అప్పటికి ఉండకపోవచ్చు.

అందుకే కోనసీమ కుటుంబాలకు నా విన్నపం. స్కానర్ కోసం ఆగకండి. ఈ ఆదివారం ఆల్బమ్ దించి ఇంట్లో అందరికన్నా పెద్దవారి పక్కన కూర్చోండి. ప్రతి ఫొటోకూ ఎవరు తీశారు, ఎవరు డబ్బిచ్చారు, ఏ ఏడాది, మన ఇంటికి ఎలా వచ్చింది అని అడగండి. ఫొటో వెనక బాల్‌పెన్‌తో రాయకండి, ముందువైపుకు అచ్చు దిగుతుంది. మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా ఒక సంఖ్య వేసి, ఆ సంఖ్య కింద వివరమంతా నోటుపుస్తకంలో రాయండి. చెప్పినవారి పేరు, రాసిన తేదీ కూడా వేయండి.